సముద్రం లేని మెదక్ పేరు సముద్రం మీద ఎందుకుంది? నేవీ ఫాస్ట్ బోట్ల కథ

మెదక్ నుంచి సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా ప్రయాణం చెయ్యాలి. మన దగ్గర నీళ్లంటే మంజీర, పోచారం, వానలు పడితే నిండే చెరువులు. అయినా మన నేవీ గస్తీ పడవల ఫొటోలు ఎప్పుడైనా జూమ్ చేసి చూశారా? ముందు భాగంలో ఒక గన్ ఉంటుంది. దాని అధికారిక పేరు సీఆర్ఎన్-91. వాడుకలో మాత్రం దాన్ని 'మెదక్ గన్' అంటారు. అవును, మన మెదక్ పేరే.

ఆ పేరు అక్కడికి ఎలా వెళ్లింది, అసలు అలాంటి పడవలు ఎందుకు పుట్టాయి, ఈ రోజు ఎపిసోడ్‌లో అదే మాట్లాడుకుందాం. కథలో 1971 కరాచీ ఉంది, 2008 ముంబై ఉంది, సోమాలియా దొంగలు ఉన్నారు, చివర్లో మన శ్రీకాకుళం మత్స్యకారులు కూడా ఉన్నారు. కొంచెం ఓపికగా వినండి.

ముందు ఒక సందేహం తీర్చేద్దాం. మెదక్ గన్ అంటే మెదక్ పట్టణంలో తయారయ్యేది కాదు. ఫ్యాక్టరీ ఉన్నది ఎద్దుమైలారంలో. 1984లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చినప్పుడు ఆ ఊరు మెదక్ జిల్లాలో ఉండేది, అందుకే ఫ్యాక్టరీకి మెదక్ పేరు పెట్టారు. అప్పుడు మెదక్ ఎంపీ ఎవరో తెలుసు కదా, ప్రధాని ఇందిరా గాంధీ. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడగొట్టాక ఎద్దుమైలారం సంగారెడ్డి జిల్లాలోకి వెళ్లింది. జిల్లా మారింది కానీ గన్ పేరు మారలేదు. 2021లో దేశంలోని ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలన్నిటినీ ఏడు కంపెనీలుగా మార్చినప్పుడు ఇది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వచ్చింది.

అక్కడ ప్రధానంగా తయారయ్యేది 'శరత్' అనే యుద్ధ వాహనం. రష్యా బీఎంపీ-2 డిజైన్‌ను లైసెన్స్ తీసుకుని మన దగ్గర చేసేది. సైనికులను లోపల కూర్చోబెట్టుకుని, గొలుసు చక్రాల మీద పొలాల్లో, గుట్టల్లో నడిచే బండి. దాని మీద 30 మిల్లీమీటర్ల గన్ ఉంటుంది. అంటే గుండు మందం 3 సెంటీమీటర్లు. ఆ నేల గన్‌నే ఓడకు సరిపోయేలా మార్చితే వచ్చింది సీఆర్ఎన్-91. నేల మీద బండి ఊగినా గురి తప్పని గన్ అలల మీద కూడా పనికొస్తుంది కదా అన్నది లెక్క.

ఇంకో మాట. 1971లో కరాచీని మెదక్ గన్‌తో కొట్టాం అని ఎవరైనా స్టేటస్ పెడితే నమ్మకండి. అప్పటికి ఫ్యాక్టరీయే లేదు. 1971లో కొట్టింది మిసైల్. ఆ మిసైల్ పడవల దగ్గర్నుంచి ఈ గన్ పడవల దాకా ఎలా వచ్చామన్నదే అసలు కథ.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో చిన్న, వేగమైన పడవలు చాలా వాడారు. వాటి ఆయుధం టార్పీడో, అంటే నీళ్లలోంచి దూసుకెళ్లే బాంబు. చిక్కేంటంటే టార్పీడో తగలాలంటే పెద్ద ఓడకు బాగా దగ్గరగా వెళ్లాలి. పెద్ద ఓడ చూస్తూ ఊరుకుంటుందా? గన్లతో దంచేస్తుంది. అందుకే యుద్ధం అయిపోయాక చాలా దేశాలు ఈ పడవలను పెద్దగా పట్టించుకోలేదు.

సోవియట్ యూనియన్ మాత్రం వేరేలా ఆలోచించింది. అమెరికా దగ్గర ఉన్నన్ని పెద్ద ఓడలు తన దగ్గర లేవు. కాబట్టి చిన్న పడవకే దూరం నుంచి కొట్టే మిసైల్ కడితే? అలా 1950ల చివర్లో 'కొమార్' వచ్చింది. పాత టార్పీడో పడవ మీద రెండు మిసైళ్లు పెట్టారు. దాని వెంటనే అంతకంటే పెద్దదిగా, గట్టి ఉక్కు పడవగా, నాలుగు మిసైళ్లతో 'ఓసా' వచ్చింది. ఇవి నాటో దేశాలు పెట్టిన పేర్లు. రష్యన్‌లో కొమార్ అంటే దోమ, ఓసా అంటే కందిరీగ. సైజు చూసి పెట్టారో, కాటు చూసి పెట్టారో కానీ పేర్లు మాత్రం సరిగ్గా కుదిరాయి.

ఓసా లెక్కలు చూడండి. పొడవు సుమారు 39 మీటర్లు, బరువు 200 టన్నుల పైమాటే. వేగం గంటకు 65 కిలోమీటర్ల పైనే, అంటే హైదరాబాద్ వెళ్లే మన ఎక్స్‌ప్రెస్ బస్సు వేగంతో నీళ్ల మీద పరుగు. మోసేది పీ-15 మిసైల్. ఒక్కో దానిలో దాదాపు అర టన్ను పేలుడు భాగం, దాదాపు 40 కిలోమీటర్ల దూరం వెళ్తుంది. సోవియట్ యూనియన్ వీటిని వందల సంఖ్యలో కట్టి స్నేహ దేశాలకు కూడా ఇచ్చింది.

1967 అక్టోబర్ 21 దాకా వీటిని ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు. ఆ రోజు ఈజిప్ట్ కొమార్ పడవలు పోర్ట్ సయీద్ నుంచి మిసైళ్లు వదిలి 'ఐలాట్' అనే ఇజ్రాయెల్ డిస్ట్రాయర్‌ను ముంచేశాయి. 47 మంది చనిపోయారు. చిన్న పడవ మిసైల్‌తో పెద్ద యుద్ధనౌకను ముంచడం చరిత్రలో అదే మొదటిసారి. అప్పుడు ప్రపంచంలోని నేవీలన్నీ ఉలిక్కిపడ్డాయి.

మన దేశం ఎనిమిది ఓసా పడవలు కొన్నది. పేర్లు వినండి: విద్యుత్, విజేత, వినాశ్, వీర్, నిపత్, నాశక్, నిర్భీక్, నిర్ఘాత్. 1971 మొదట్లో సోవియట్ సరుకు ఓడల డెక్కు మీద ఇవి మన దేశానికి వచ్చాయి. అప్పుడు బొంబాయిలో అంత బరువు ఎత్తే క్రేన్లు లేవు. అందుకని కలకత్తాలో దించి, తాళ్లు కట్టి, దేశం చుట్టూ సముద్రంలో బొంబాయి దాకా లాక్కెళ్లారు. అంటే మన తెలుగు తీరం పక్కనుంచే వెళ్లాయన్నమాట.

కష్టంగా చేసిన ఆ లాగుడే తర్వాత పనికొచ్చింది. ఎందుకంటే ఈ పడవల బలహీనత ఇంధనం. ఓసాను కట్టింది సొంత తీరం దగ్గర కాపలాకి. వేగంగా పోతుంది కానీ ఎక్కువ దూరం పోలేదు. మనవాళ్లూ మొదట బొంబాయి రక్షణకే అనుకున్నారు. కానీ పెద్ద ఓడలు దగ్గరదాకా లాక్కెళ్తే కరాచీ కూడా అందుతుంది కదా అన్న ఆలోచన వచ్చింది. అప్పటి నేవీ అధిపతి అడ్మిరల్ ఎస్.ఎం. నందా దానికి సరే అన్నారు.

1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ ముందు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. ఆ కథ మీద సినిమా వచ్చింది కాబట్టి మీకు తెలుసు. సరిగ్గా ఆ తర్వాతి రాత్రి దేశానికి అటు వైపున నిపత్, నిర్ఘాత్, వీర్ కరాచీ ముందు ఉన్నాయి. కమాండర్ బబ్రూ భాన్ యాదవ్ నాయకుడు. జలాంతర్గాములను పసిగట్టే కిల్తాన్, కచ్చల్ అనే రెండు ఓడలు తోడు వచ్చాయి. దీన్నే ఆపరేషన్ ట్రైడెంట్ అంటారు. నిర్ఘాత్ 'ఖైబర్' అనే డిస్ట్రాయర్‌ను ముంచింది. వీర్ 'ముహాఫిజ్' అనే మైన్‌స్వీపర్‌ను ముంచింది. నిపత్ ఇంకో రెండు ఓడలను కొట్టి, కరాచీ రేవులోని కెమారీ చమురు ట్యాంకుల వైపు కూడా మిసైల్ వదిలింది. నాలుగు రోజుల తర్వాత ఆపరేషన్ పైథాన్‌లో వినాశ్ ఒక్కటే, త్రిశూల్, తల్వార్ ఓడల తోడుతో వెళ్లి మళ్లీ కొట్టింది. రెండు దాడుల్లోనూ మన పడవ ఒక్కటీ పోలేదు. ఏటా డిసెంబర్ 4న నేవీ డే జరుపుకునేది ఇందుకే.

ఇక్కడిదాకా మీరు వేరే వీడియోల్లో కూడా విని ఉంటారు. చాలామంది ఇక్కడ మ్యూజిక్ వేసి ఆపేస్తారు. మనం ఆపొద్దు. ఎందుకంటే అసలు విషయం ఇప్పుడే మొదలవుతుంది.

పైథాన్ రాత్రి తగిలినవన్నీ పాకిస్తాన్ ఓడలు కావు. పనామా జెండా ఉన్న 'గల్ఫ్ స్టార్' మునిగింది. బ్రిటిష్ సరుకు ఓడ 'హర్మట్టన్' దెబ్బతిన్నది. ఎందుకలా జరిగింది? పీ-15 మిసైల్ ముక్కులో చిన్న రాడార్ ఉంటుంది. దానికి కనిపించేది లోహం నుంచి తిరిగొచ్చే సంకేతం మాత్రమే. ఆ లోహం యుద్ధనౌకా, సరుకు ఓడా, జెండా ఏ దేశానిది, లోపల ఎవరున్నారు, దానికి తెలియదు. ఒకసారి వదిలాక వెనక్కి పిలవలేం. మిసైల్ దెబ్బ కొట్టగలదు కానీ 'ఎవరు నువ్వు?' అని అడగలేదు.

ఆ తర్వాత మిసైల్ పడవల గొప్పతనం కూడా కొంత తగ్గింది. 1973 అక్టోబర్‌లో సిరియా తీరంలో లటాకియా దగ్గర మిసైల్ పడవలకూ మిసైల్ పడవలకూ మధ్య మొదటి యుద్ధం జరిగింది. సిరియా మిసైళ్ల దూరం ఇజ్రాయెల్ మిసైళ్ల కంటే రెట్టింపు. అయినా సిరియానే ఓడిపోయింది, ఐదు ఓడలు పోయాయి. ఇజ్రాయెల్ వాళ్లు సన్నటి లోహపు ముక్కలు గాల్లోకి వెదజల్లి, రాడార్ సంకేతాలను గందరగోళం చేసి, వచ్చిన మిసైళ్లను పక్కదారి పట్టించారు. 1991 గల్ఫ్ యుద్ధంలో అయితే ఇరాక్ పడవలను హెలికాప్టర్లే వేటాడాయి.

యుద్ధం సంగతి అలా ఉంచండి. యుద్ధం లేని రోజుల్లో ఏంటి? సముద్రంలో ఎక్కువ రోజులు అవే కదా. దీని మీద మనకు చాలా చేదు పాఠం 2008లో దొరికింది.

1971లో మన పడవలు కరాచీ దాకా వెళ్లిన సముద్రం గుర్తుంది కదా. 37 ఏళ్ల తర్వాత అదే సముద్రం మీద, ఈసారి కరాచీ నుంచి ఇటు వైపు, పది మంది వచ్చారు. యుద్ధనౌకలో రాలేదు. దారిలో 'కుబేర్' అనే మన గుజరాత్ చేపల పడవను పట్టుకుని, దానిలోనే ముంబై దగ్గరికి వచ్చారు. చివర్లో గాలి నింపిన చిన్న పడవలో మత్స్యకారుల పేట దగ్గర దిగారు. అది నవంబర్ 26. 166 మంది ప్రాణాలు పోయాయి.

మన దగ్గర మిసైళ్లు లేకనా? అప్పటికి ఓసాల కంటే కొత్తవి, మంచివి చాలా ఉన్నాయి. కానీ ఒక చేపల పడవ మీదికి మిసైల్ ఎవరు వదుల్తారు? ఎలా వదుల్తారు? ఆ నీళ్లలో అలాంటి పడవలు వేలల్లో ఉంటాయి. అన్నిట్లోనూ మన మనుషులే. అక్కడ కావాల్సింది దగ్గరికి వెళ్లి ఆపి, 'ఎవరు, ఎక్కడి నుంచి, కాగితాలేవి?' అని అడిగే పడవ. ఆ రోజు కుబేర్‌ను అలా అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడు మెదక్ గన్ దగ్గరికి వస్తున్నాం.

ముంబై దాడికి ముందే కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ షిప్‌యార్డ్‌లో నేవీ కోసం పది పడవల పని మొదలైంది. అదే 'కార్ నికోబార్' తరగతి. నేవీ వీటిని వాటర్ జెట్ ఫాస్ట్ అటాక్ క్రాఫ్ట్ అంటుంది. అన్నిటికీ మన దీవుల పేర్లే: కార్ నికోబార్, చెట్లాట్, చెరియం, కల్పేనీ, ఇలా. మొదటి రెండూ 2009 ఫిబ్రవరిలో చెన్నైలో నేవీలో చేరాయి, అంటే ముంబై దాడి జరిగి మూడు నెలలైనా కాకముందే. 2011 నాటికి పదీ వచ్చేశాయి.

పొడవు సుమారు 49 మీటర్లు. వేగం 35 నాట్లు, అంటే గంటకు దాదాపు 65 కిలోమీటర్లు. వేగంలో ఓసాకు తీసిపోదు. కానీ నెమ్మదిగా వెళ్తే 2000 నాటికల్ మైళ్ల దాకా పోగలదు. కాబట్టి తాడు కట్టి లాగే పని లేదు.

వాటర్ జెట్ అంటే ఏంటో మన ఊరి ఉదాహరణతో చెప్తా. పొలంలో మోటర్ వేసినప్పుడు పైపు చివర వదిలేస్తే ఏమవుతుంది? నీళ్లు ముందుకు చిమ్ముతుంటే పైపు వెనక్కి తన్నుకుంటుంది, పాములా గింగిరాలు తిరుగుతుంది. ఆ వెనక్కి తన్నే బలమే ఇక్కడ పని చేస్తుంది. పడవ అడుగు నుంచి నీళ్లు పీల్చి, వెనక నుంచి బలంగా చిమ్ముతుంది, పడవ ముందుకు పోతుంది. బయటికి వేలాడే ఫ్యాను రెక్కలు ఉండవు. కాబట్టి లోతు తక్కువ ఉన్న చోటికీ వెళ్లొచ్చు, వలలు చుట్టుకునే భయమూ తక్కువ. చిమ్మే నీళ్ల దిశ మారిస్తే పడవ ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. చేపల పడవల మధ్య తిరగాలంటే ఇవన్నీ కావాలి.

ముందు భాగంలో ఉండేదే మన మెదక్ గన్. నిమిషానికి 550 గుండ్ల వేగం, అంటే సెకనుకు తొమ్మిది. దూరం నాలుగు కిలోమీటర్ల దాకా. మిసైల్ 40 కిలోమీటర్లు వెళ్లేది, ఇది నాలుగే. వెనకబడ్డట్టు అనిపిస్తుంది కదా? కానీ ఆ తేడాలోనే విషయం ఉంది. నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్నదాన్ని కెమెరాతో చూడొచ్చు. మొదట రేడియోలో 16వ చానల్‌లో పిలుస్తారు. పలక్కపోతే దగ్గరికెళ్లి మైకులో చెప్తారు. అప్పటికీ ఆగకపోతే పడవకు తగలకుండా ముందు నీళ్లలో హెచ్చరికగా పేలుస్తారు. అప్పటికీ మొండికేస్తేనే తర్వాత సంగతి. ప్రతి మెట్టు దగ్గరా ఆగే అవకాశం ఉంది, అటు వాళ్లకీ, ఇటు వీళ్లకీ. మిసైల్‌కు ఈ మెట్లు లేవు.

ఇది మాటలకే బాగుంటుందా, నిజంగా పని చేసిందా? 2011లో పరీక్ష వచ్చింది. సోమాలియా దొంగలు చేపల ఓడలను పట్టుకుని, వాటినే స్థావరంగా వాడుతూ, లక్షద్వీప్ దాకా వచ్చేశారు. పట్టుకున్న ఓడల్లోని మత్స్యకారులను లోపలే బందీలుగా ఉంచేవాళ్లు. ఇప్పుడు చెప్పండి, ఆ ఓడ మీదికి మిసైల్ వేస్తారా? వేస్తే దొంగలతో పాటు బందీలూ పోతారు.

2011 జనవరి 28న ఈ తరగతి పడవ ఐఎన్ఎస్ కంకర్సో అలాంటి థాయ్ చేపల ఓడ 'ప్రాంతలే-14'కు అడ్డం వెళ్లింది. దొంగలే ముందు కాల్చారు. కంకర్సో తిరిగి కాల్చింది, కానీ కొలిచినట్టు. ఓడకు నిప్పంటుకుంది. చివరికి 15 మంది దొంగలు పట్టుబడ్డారు, 20 మంది మత్స్యకారులు ప్రాణాలతో బయటపడ్డారు. మార్చిలో ఇంకో పడవ కల్పేనీ 'వేగా-5' అనే ఓడను ఆపింది. 61 మంది దొంగలు దొరికారు, 13 మంది సిబ్బంది బతికి బయటికొచ్చారు. అప్పటికి ఈ రెండు పడవలూ నేవీలో చేరి కొన్ని నెలలే అయ్యింది.

1971లో లెక్క ఎన్ని ఓడలు మునిగాయి అని. 2011లో లెక్క ఎంతమంది బతికారు అని. రెండూ నేవీ పనే, రెండూ వేగమైన చిన్న పడవలే చేశాయి. కానీ పని వేరు కాబట్టి పనిముట్టు కూడా వేరు. కొడవలితో కోత కోస్తాం కానీ కూరగాయలు తరగం కదా.

చివరగా ఇంకో వైపు నుంచి కూడా చూద్దాం. ఇప్పటిదాకా మనం గస్తీ పడవ డెక్కు మీద నిలబడి మాట్లాడాం. ఇప్పుడు చేపల పడవలో కూర్చుని చూడండి. 2018 నవంబర్‌లో గుజరాత్ వెరావల్ నుంచి వేటకెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ గస్తీ పడవలకు దొరికారు. పొట్టకూటికి శ్రీకాకుళం నుంచి అంత దూరం వలస వెళ్లినవాళ్లు. నీళ్ల మీద గీత కనిపించదు కదా, ఎక్కడ దాటామో తెలిసేలోపే పట్టుకున్నారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. 'తండేల్' సినిమా ఆధారం ఈ సంఘటనే.

మన పడవలు ఆపితే భద్రత, వాళ్ల పడవలు ఆపితే దారుణం అనుకోవడం తేలిక. వల వేసుకునే మనిషికి మాత్రం ఎదురుగా వచ్చే గన్ ఏ దేశానిదైనా గుండె దడదడే. ముంబై తర్వాత మన దగ్గర కూడా మత్స్యకారులకు గుర్తింపు కార్డులు, పడవలకు నంబర్లు, తీరం పోలీస్ స్టేషన్లు వచ్చాయి. వేటకెళ్లే ప్రతి మనిషీ ఇప్పుడు జవాబు చెప్పుకోవాల్సిందే. దేశం కోసం ఆ ఇబ్బంది ఎక్కువగా పడుతున్నది వాళ్లే. మనం ఇక్కడ రీల్స్ చూస్తూ చప్పట్లు కొట్టేటప్పుడు అది కూడా గుర్తుండాలి.

అందుకే నాకు మెదక్ గన్ అంటే గర్వంగా ఉండేది అది సెకనుకు తొమ్మిది గుండ్లు పేలుస్తుందని కాదు. అడగడానికి, ఆగడానికి చోటు ఇచ్చే ఆయుధం కాబట్టి. ఈసారి నేవీ డేకి కార్ నికోబార్ తరగతి పడవ ఫొటో కనిపిస్తే ముందు భాగం జూమ్ చేసి చూడండి. సముద్రం చూడని పిల్లలున్న జిల్లా పేరు అక్కడ ఉందని పక్కవాళ్లకు చెప్పండి. అది పేలకుండానే ఇంటికి తిరిగొచ్చిన రోజే దాని పని బాగా జరిగినట్టు అని కూడా చెప్పండి.